ప్యాసింజరు బళ్ళలో లూథర్ ఊళ్ళు

జర్మనీకి చదువుకోడానికి వెళ్తున్నానని తెలిసినప్పుడు మా గుంటూరు గుడిలో అయ్యగారి దగ్గర్నుంచి కాయిర్‌లో తబలా వాయించే అన్న దాకా అందరూ ఒకటే అన్నారు: "లూథర్ గారి దేశం పోతున్నావు, అదృష్టవంతుడివిరా!" ఏం చదవబోతున్నావని అడిగినవాళ్ళు తక్కువ. పాలిమర్ సైన్సులో ఎమ్మెస్సీ. యూనివర్సిటీ పేరులో కూడా లూథర్ ఉండేసరికి (మార్టిన్ లూథర్ యూనివర్సిటీ, హాలే-విట్టెన్‌బెర్గ్) అది పాస్టర్ల ట్రైనింగ్ స్కూలని మా నాయనమ్మ తీర్మానించేసుకుంది. ల్యాబులో ప్లాస్టిక్ ముక్కలు సాగదీసి తెంపుతుంటానని ఎంత చెప్పినా, "సరేలే నాన్నా, వాక్యం మాత్రం మానకు" అంటుంది.

వాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. లూథర్ పుట్టిన ఐస్లేబెన్, పాఠాలు చెప్పిన విట్టెన్‌బెర్గ్, నేను చదువుతున్న హాలే, అన్నీ ఇవాళ్టి సాక్సనీ-అన్హాల్ట్ రాష్ట్రంలోనే ఉన్నాయి. జర్మనీ మొత్తంలో చర్చికి బాగా దూరమైపోయిన ప్రాంతాల్లో ఈ రాష్ట్రం ఒకటి. ఇక్కడ 100 మందిలో 80 మందికి పైగా ఏ చర్చిలోనూ సభ్యులు కారు. నలభై ఏళ్ళ కమ్యూనిస్టు పాలన అందుకు పెద్ద కారణం. ఆ పాలన పోయాక కూడా జనం తిరిగి రాలేదు. కాబట్టి లూథర్ దేశంలో "నేను లూథరన్ని" అని చెప్పుకుంటే క్లాసులో జర్మన్ పిల్లలు విడ్డూరంగా చూస్తారు. తర్వాత వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఇండియా నుంచా? క్రిస్టియన్‌వా? అదెలా?"

ఇక్కడ ఊళ్ళో దిగగానే అడ్రసు నమోదు చేయించుకోవాలి. ఆ ఫారంలో మతం అని ఒక గడి ఉంటుంది. అందులో ప్రొటెస్టెంట్ అనో కాథలిక్ అనో రాస్తే, రేపు ఉద్యోగం వచ్చి ఆదాయపు పన్ను కట్టే రోజున ఆ పన్ను మీద ఇంకో 9 శాతం చర్చి పన్నుగా పడుతుంది. బవేరియా, బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రాల్లో అయితే 8 శాతం. సీనియర్లు ముందే చెప్పారు, "ఆ గడి ఖాళీగా వదిలెయ్‌రా, తర్వాత ఏడుస్తావు" అని. నేను రాసేశాను. ఫోన్లో నాన్నకు చెబితే లెక్కేసి, "పన్నులో తొమ్మిది శాతమేగా, దశమభాగం కన్నా చాలా చవక" అన్నాడు.

ఈ దేశంలో చదువుకునే మనవాళ్ళు తిరగడం ఎలాగో ముందు చెప్పాలి. వీసా కోసం బ్యాంకులో కట్టి ఉంచిన డబ్బు నుంచి నెలకు 992 యూరోలు చేతికొస్తాయి. అద్దె, ఆరోగ్య బీమా, కూరగాయలు పోను మిగిలేదానితో హైస్పీడ్ రైలు ఎక్కే పని లేదు. మమ్మల్ని ఆదుకునేది డాయిచ్‌లాండ్ టికెట్. 2023 మేలో నెలకు 49 యూరోలతో మొదలైంది, 2025 జనవరిలో 58 అయింది, 2026 జనవరిలో 63. ఆ ఒక్క టికెట్టుతో దేశమంతటా సిటీ బస్సులు, ట్రాములు, మెట్రోలు, ప్రాంతీయ రైళ్ళు ఎక్కొచ్చు. తెల్లటి ఐసీఈ రైలు మాత్రం ఎక్కకూడదు. అంటే మన ప్యాసింజరు బండి లెక్క: ప్రతి స్టేషన్లో ఆగుతుంది, ఎక్కడో ఒకచోట దిగి బండి మారాలి, మారేచోట ఇరవై నిమిషాలు చలిలో నిలబడాలి. నాకైతే ఇదే బాగుందనిపిస్తుంది. ఐసీఈలో పోయేవాడికి ఊళ్ళు కిటికీలోంచి గీతల్లా కనిపిస్తాయి. మాకు స్టేషన్ పేర్లు కంఠతా వచ్చేస్తాయి.

మొదట అందరూ పోయే చోట్లకే పోయాను. విట్టెన్‌బెర్గ్‌లో కోట గుడి తలుపు ముందు ఫోటో దిగని లూథరన్ ఉండడు. 1517 అక్టోబరు 31న లూథర్, ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది అయిన 95 వాదాల కాగితం అంటించాడని చెప్పే తలుపు అది. నిజానికి అప్పటి చెక్క తలుపు 1760లో యుద్ధంలో కాలిపోయింది. ఇప్పుడున్నది ఆ వాదాలను పోతపోసిన కంచు తలుపు, 1858 నాటిది. సెల్ఫీల గుంపులో ఈ మాట పైకి అంటే ఎవరూ మెచ్చుకోరు.

ఆ తలుపు నుంచి కాస్త దూరం నడిస్తే వచ్చే ఊరి గుడి బయటి గోడ మీద పైన ఒక రాతి శిల్పం ఉంది. యూదుల్ని పందితో కలిపి హేళన చేసే 13వ శతాబ్దపు బొమ్మ. దాన్ని తీసెయ్యాలని ఒక యూదుడు వేసిన కేసును 2022లో జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు కొట్టేసింది. బొమ్మ కింద నేలమీద 1988లో పెట్టిన స్మారక ఫలకం ఉంది కాబట్టి ఉండనివ్వొచ్చని కోర్టు అభిప్రాయం. లూథర్ 1543లో యూదుల మీద రాసిన పుస్తకం ఎంత విషం కక్కుతుందో మా సండే స్కూల్లో ఎవరూ చెప్పలేదు. అక్కడ గైడు, స్కూలు పిల్లలకు ఆ శిల్పం చూపించి, దాచకుండా, గొంతు తగ్గించకుండా చెబుతోంది. ఆ పద్ధతి నాకు నచ్చింది. మన పెద్దల గురించి మనమూ పిల్లలకు అలాగే చెప్పొచ్చు.

వార్ట్‌బుర్గ్ కోటకు ఐజెనాహ్ స్టేషన్ నుంచి ఎక్కడం బాగా ఆయాసం. 1521లో లూథర్ దొంగ పేరుతో, గడ్డం పెంచుకుని అక్కడ దాక్కుని, దాదాపు 11 వారాల్లో కొత్త నిబంధనను జర్మన్లోకి తెచ్చాడు. ఆ గదిలో నాకు గుర్తుండిపోయింది కాళ్ళు పెట్టుకునే పీటగా వాడారని చెప్పే తిమింగలం వెన్నుపూస. సాతాను మీదికి సిరాబుడ్డి విసిరితే పడ్డ మరక ఒకప్పుడు గోడ మీద ఉండేదట. వచ్చిన యాత్రికులు గీక్కుని పట్టుకుపోతే గోడ మాత్రమే మిగిలింది. లైప్‌జిగ్‌లో బాఖ్ పనిచేసిన తోమస్ గుడి చాలా బాగుంటుంది, పాడే మగపిల్లల కాయిర్ ఇంకా బాగుంటుంది. దాని గురించి ఇప్పటికే చాలామంది రాశారు.

ఐస్లేబెన్ గురించి మాత్రం చెప్పాలి. మా అమ్మ వాళ్ళది ఒంగోలు, బాప్టిస్టులు. నాన్న వాళ్ళది లూథరన్. మా ఇంట్లో పండగ భోజనాల దగ్గర మావయ్యకూ నాన్నకూ ప్రతిసారీ వచ్చే తగాదా: తల మీద నీళ్ళు చిలకరిస్తే బాప్తిస్మమా, నిండా ముంచితేనే బాప్తిస్మమా? లూథర్ 1483 నవంబరు 10న పుట్టాడు, మర్నాడే ఐస్లేబెన్‌లోని పేతురు పౌలుల గుడిలో బాప్తిస్మమిచ్చారు. ఆ గుడిని 2012లో కొత్తగా తీర్చిదిద్ది, బాప్తిస్మ కేంద్రం అని పేరు పెట్టి, మధ్యలో నేలలోకి గుండ్రని నీటి తొట్టి కట్టారు. మనిషి దిగి నిండా మునగొచ్చు. లూథర్‌కు బాప్తిస్మం జరిగిన గుడిలో ముంచడానికి తొట్టి! ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. ఒంగోలు నుంచి నిమిషంలో జవాబు: "ఏం బావా, ఇప్పుడేమంటావ్?" నాన్న రెండు రోజులు ఆ గ్రూపు తెరవలేదు.

ఐస్లేబెన్ చుట్టుపక్కలంతా రాగి గనుల నేల. పొలాల మధ్య పిరమిడ్లలా నల్లటి గుట్టలు లేస్తాయి, అవి గనుల్లోంచి తవ్విపోసిన వ్యర్థం. లూథర్ తండ్రి కూడా ఇక్కడే రాగి కరిగించే పని చేసేవాడు. ఆ ప్రాంతంలో చివరి గనులు 1990లో మూతబడ్డాయి. ఒక మధ్యాహ్నం ఆ గుట్టల మధ్య ఒక చిన్న ఊళ్ళోకి నడిచాను. గుడికి తాళం. తలుపు మీద చిన్న కాగితం, దానిమీద ఫోన్ నంబరు: తాళం చెవి కావాలంటే పిలవండి. జర్మనీలో పల్లెటూరి గుళ్ళకు ఇది మామూలే. ఇక్కడ ఒక పాస్టరుకు చాలా ఊళ్ళ గుళ్ళు అప్పగిస్తారు. అన్నిటికీ తిరగడం కుదరదు కాబట్టి తాళం చెవి పక్కింటివాళ్ళ దగ్గర ఉంటుంది.

నా వచ్చీరాని జర్మన్‌తో ఫోన్ చేస్తే, కాసేపటికి ఒక పెద్దాయన చేతిలో పెద్ద ఇనప తాళం చెవితో వచ్చాడు. జీవితమంతా రాగి గనిలో పనిచేశాడట. లోపల చల్లగా ఉంది, గచ్చు ఊడ్చి ఉంది, పైన ఆర్గన్ గొట్టాలు మెరుస్తున్నాయి. ఊరివాళ్ళు చందాలు వేసుకుని బాగు చేయించారట. "మీరు ఆదివారాలు వస్తారా?" అని అడిగాను.

"నేనా? నాకు బాప్తిస్మమే లేదు. మా చిన్నప్పుడు పిల్లలకు కన్ఫర్మేషన్ చేయించేవాళ్ళు కాదు. ప్రభుత్వం వేరే వేడుక చేసేది, మా అందరికీ అదే అయింది. కానీ ఈ గుడి ఊరిది. పైకప్పు కారుతుంటే ఎవరు చూస్తారు?"

ఆయనలాంటివాళ్ళు తూర్పు జర్మనీలో చాలామంది ఉన్నారు. దేవుణ్ణి నమ్మరు, గుడి పైకప్పుకు చందా ఇస్తారు. మా గుంటూరులో నమ్మకం ఉంటే గుడి కడతాం. ఇక్కడ నమ్మకం పోయినా గుడి కూలనివ్వరు. ఇందులో ఏది గొప్పో నేను తేల్చుకోలేకపోయాను, తేల్చుకోవాలని కూడా లేదు.

ఇంతలో ఆయన అడిగాడు: "మీవాళ్ళు ఎప్పుడు క్రైస్తవులయ్యారు? ఇంగ్లీషువాళ్ళు వచ్చాకనా?"

అప్పటికి ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర తయారుగా ఉంది. హాలేలోనే దొరికింది.

హాలేలో మా హాస్టల్ దగ్గర్నుంచి ట్రాములో పోతే ఫ్రాంకె విద్యాసంస్థలు వస్తాయి. ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె అనే పాస్టరు 1698లో అనాథాశ్రమానికి పునాది వేస్తే, అది స్కూళ్ళు, మందుల షాపు, ముద్రణాలయం, గ్రంథాలయంతో ఒక చిన్న పట్నంగా పెరిగింది. 1706లో తమిళనాడు తీరాన తరంగంబాడిలో దిగిన మిషనరీలు జీగెన్‌బాల్గ్, ప్లూట్‌షౌ ఇక్కడి శిష్యులే. ఆశ్రమం పై అంతస్తులో ఒక గదినిండా ఆ కాలం నాటి వింత వస్తువుల బీరువాలు, పైనుంచి వేలాడుతున్న మొసలి. వాటిలో మన దేశం నుంచి వెళ్ళిన తాటాకు పుస్తకాలూ ఉన్నాయి.

ఆ సంస్థకు తెలుగుతో ఉన్న సంబంధం బెంజమిన్ షుల్ట్జ్ అనే మనిషి వల్ల. 1719లో తరంగంబాడి చేరి, 1726లో మద్రాసుకు మారి, అక్కడ తెలుగు నేర్చుకున్నాడు. తెలుగుకు ఒక వ్యాకరణం రాశాడు, బైబిలును తెలుగు చేశాడు. ఆ అనువాదం అచ్చుకు నోచుకోలేదు. ఆరోగ్యం చెడి 1743లో హాలే తిరిగొచ్చి, ఈ అనాథాశ్రమానికే పెద్దయ్యాడు. ఆయన రాసిన చిన్న తెలుగు పుస్తకాలు 1746, 47ల్లో ఇక్కడ అచ్చయ్యాయి. తెలుగులో మొట్టమొదటి అచ్చు పుస్తకాలుగా చరిత్రకారులు చెప్పేవి ఇవే. అంటే తెలుగు అక్షరం మొదట అచ్చు యంత్రం మీదికెక్కింది మద్రాసులోనో బందరులోనో కాదు. నేను పాలిమర్లు తెంపుకుంటున్న ఊళ్ళో.

ఈ ముక్క నేను మొదట చెప్పింది మా విద్యార్థి సంఘంలో. ఇక్కడి యూనివర్సిటీ ఊళ్ళన్నిటా ప్రొటెస్టెంట్ విద్యార్థి సంఘం ఒకటుంటుంది. వారానికోసారి కలిసి వండుకుని తిని, పాడుకుని, గొడవపడి ఇళ్ళకు పోతాం. హాలేలో పుట్టి పెరిగిన పిల్లలకు సంగీతకర్త హెండెల్ తమ ఊరివాడని తెలుసు, చాక్లెట్ ఫ్యాక్టరీ 1804 నాటిదని తెలుసు, తెలుగు సంగతి తెలియదు. ఆ రోజు నుంచి బయటి ఊళ్ళ నుంచి ఎవరొచ్చినా ఫ్రాంకె సంస్థలు చూపించే పని నాకే అప్పగించారు. ఒకసారి ఒక పెద్దావిడకు నేను తెలుగు అక్షరాలు కాగితం మీద రాసి చూపిస్తుంటే, పక్కనున్నవాళ్ళు నన్ను మ్యూజియం ఉద్యోగి అనుకున్నారు.

గని పెద్దాయన ఇదంతా విని తాళం చెవిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "అయితే మీవాళ్ళకు పుస్తకం ఇక్కణ్ణుంచే వచ్చిందన్నమాట. మావాళ్ళు మళ్ళీ చదవడం మానేశారు" అన్నాడు. తర్వాత ఆర్గన్ వాయించగలవా అని అడిగాడు. రాదన్నాను. తబలా అంటే ఏమిటో చేతులతో చూపించి చెప్పాల్సొచ్చింది.

ఇంకా తూర్పుకు, పోలండ్, చెక్ సరిహద్దుల దగ్గర, హెర్న్‌హూట్ అనే చిన్న పట్నం ఉంది. లైప్‌జిగ్‌లో బండి మారి, డ్రెస్డెన్‌లో మారి, చివర్న బస్సెక్కాలి. మా స్నేహితుల్లో దాని పేరు విన్నవాడే లేడు. నేను పోయింది క్రిస్మస్ ముందు రోజుల్లో, ఒక నక్షత్రం కోసం.

మన పల్లెల్లో, పట్నాల్లో క్రైస్తవుల ఇళ్ళ మీద డిసెంబరు రాగానే స్టార్ వెలుగుతుంది. వెదురు బద్దలు చీల్చి, మైదా జిగురుతో రంగు కాగితం అంటించి, మధ్యలో బల్బు పెట్టి కట్టేవాళ్ళం. జర్మనీలో డిసెంబరులో గుళ్ళలో, ఇళ్ళ గుమ్మాల్లో కనిపించే నక్షత్రం ఇంకో రకం. అన్ని వైపులకూ కోణాలు పొడుచుకొచ్చి, 17 చతురస్రపు పాదాలవి, 8 త్రికోణపు పాదాలవి, మొత్తం 25 కోణాలుంటాయి. దాన్ని హెర్న్‌హూట్ నక్షత్రం అంటారు. 19వ శతాబ్దం మొదటి భాగంలో మొరేవియన్ సంఘం నడిపిన హాస్టల్ స్కూళ్ళలో పుట్టింది. లెక్కల మాస్టర్లు జ్యామితి నేర్పడానికి కాగితంతో చేయించేవాళ్ళు. ఆ హాస్టళ్ళలో చాలామంది పిల్లల అమ్మానాన్నలు మిషనరీలుగా సముద్రాల అవతల ఉండేవాళ్ళు. పిల్లలు అడ్వెంటు మొదటి ఆదివారం నక్షత్రం కట్టుకునేవాళ్ళు. పండక్కి ఇంటికి పోలేని హాస్టల్ పిల్లలు చేసుకున్న వస్తువు అని తెలిశాక, ఇంటికి పోలేని హాస్టల్ కుర్రాణ్ణి నేను ఒకటి కొనకుండా ఎలా ఉంటాను? అతి చిన్నది కొన్నాను, కాగితానిది.

ఆ సంఘం కథ 1722లో మొదలవుతుంది. మొరేవియా నుంచి మతహింస తప్పించుకుని వచ్చిన కొన్ని కుటుంబాలకు జిన్‌జెన్‌డోర్ఫ్ అనే జమీందారు తన భూమిలో చోటిచ్చాడు. అక్కడి అడవిలో చెట్టు కొట్టి ఇల్లు కట్టుకున్నారు. 1727లో వాళ్ళు రాత్రింబగళ్ళు గంటకొకరు చొప్పున గొలుసు ప్రార్థన మొదలుపెట్టారు, అది వందేళ్ళకు పైగా ఆగకుండా సాగిందంటారు. 1732 నుంచి మిషనరీల్ని కరీబియన్ దీవులకు, గ్రీన్‌ల్యాండ్‌కు, మన తరంగంబాడికి కూడా పంపారు. వాళ్ళ ఆరాధన గది గోడల దగ్గర్నుంచి బల్లల దాకా తెలుపు. శ్మశానంలో రాళ్ళన్నీ నేలకు ఆన్చి ఒకే కొలతలో పరిచారు. స్త్రీలు ఒకవైపు, పురుషులు ఒకవైపు. చావులో పెద్దా చిన్నా లేదని ఉద్దేశం. మధ్యలో జమీందారు కుటుంబం రాళ్ళు మాత్రం కాస్త ఎత్తు. అక్కడ నాకు నవ్వొచ్చింది. మా పెద్ద చర్చిలో ముందు బెంచీల సంగతి గుర్తొచ్చింది. 2024లో ఈ పట్నాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అసలు ఆశ్చర్యం అక్కడ ఒక చిన్న నీలిరంగు పుస్తకంలో ఉంది. ఏడాదిలో ప్రతి రోజుకూ ఒక వాక్యం. 1728లో జిన్‌జెన్‌డోర్ఫ్ ప్రతి పొద్దునా ఇంటింటికీ ఒక వాక్యం చేరవేయించడం మొదలుపెట్టాడు, 1731 నుంచి పుస్తకంగా వేస్తున్నారు. ఇప్పుడు 50కి పైగా భాషల్లో వస్తుంది. వాక్యాలను ఎవరూ ఎంచరు. పాత నిబంధన నుంచి తీసిన 1,824 వాక్యాలు ఒక పాత్రలో చీటీలుగా ఉంటాయి. ఏటా కూర్చుని, ప్రతి రోజుకూ ఒకటి చీటీ తీస్తారు.

మనకు తెలియని పనా ఇది? డిసెంబరు 31 రాత్రి వాచ్ నైట్ సర్వీసులో పన్నెండు దాటగానే పళ్ళెంలో వాగ్దానం కార్డులు పెడతారు, ఒక్కొక్కరూ కళ్ళు మూసుకుని ఒకటి తీస్తారు. మా నాయనమ్మ తనకొచ్చిన కార్డు ఏడాదంతా బైబిలులో పెట్టుకుంటుంది. మా అమ్మ తనకు నచ్చింది రాకపోతే ఇంకోటి తీస్తుంది, ఎవరూ చూడకుండా. వాచ్ నైట్ కూడా ఈ మొరేవియన్లే 1733 ప్రాంతంలో మొదలుపెట్టారని, ఆ తర్వాత జాన్ వెస్లీ మెథడిస్టులు దాన్ని అందుకున్నారని పుస్తకాల్లో ఉంది. వెస్లీ 1738లో స్వయంగా హెర్న్‌హూట్ వచ్చిపోయాడు. మన వాగ్దానం కార్డు ఈ పాత్రలోంచే నేరుగా వచ్చిందని నేను చెప్పలేను. అయినా ఆ చీటీల పాత్ర కథ చదువుతుంటే, ఇన్నాళ్ళూ మా ఇంటి సొంత అలవాటనుకున్నదానికి ఎక్కడో తాతముత్తాతలున్నారని తెలిసింది.

వచ్చేటప్పుడు బస్సు ఆలస్యమై, బండి తప్పిపోయి, ఒక చిన్న స్టేషన్లో చిక్కుపడ్డాను. తర్వాతి బండికి గంటకు పైగా ఉంది. వెయిటింగ్ రూముకు తాళం. చలి సున్నా కిందికి దిగింది. అమ్మకు ఫోన్ చేసి, "తిన్నానమ్మా, రూములోనే ఉన్నా" అని చెబుతున్నాను. వెనకనుంచి ఒక గొంతు: "అబద్ధమాడుతున్నవేంది తమ్ముడూ, గింత చలిల ఈడ నిలబడి?"

తిరిగి చూస్తే పెద్ద కోటులో ఒకావిడ. మెదక్ ఆవిడ, నర్సు. మన రాష్ట్రాల నుంచి నర్సులు ఈమధ్య జర్మనీకి బాగానే వస్తున్నారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా శిక్షణ ఇచ్చి పంపుతోంది. ఆమె ఇక్కడ దగ్గర్లో ఒక వృద్ధాశ్రమంలో పనిచేస్తూ, డ్యూటీ దిగి ఇంటికి పోతోంది. ఫ్లాస్కులో టీ ఉంది. స్టేషన్ ఎదురుగా బస్టాపులో అద్దాల గూడు కింద కూర్చున్నాం.

"ఏడికి పోయినవ్?" అంది. చెప్పాను. నక్షత్రం, చీటీలు, వాచ్ నైట్, వెస్లీ, అన్నీ.

"మాది మెథడిస్టు మిషనే తమ్ముడూ. మెదక్ చర్చి చూసినవా ఎప్పుడన్నా?"

చూడలేదన్నాను. చార్లెస్ పోస్నెట్ అనే ఇంగ్లీషు మెథడిస్టు పాస్టరు, కరువు రోజుల్లో జనానికి పని దొరకాలని కట్టించిన గుడి అది. 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. ఆమె తాతల నాటి వాళ్ళు రాళ్ళు మోసి కూలి తీసుకున్నారట. "గుంటూరోడివి, జర్మనీ దాకొచ్చి ఊరూరా గుళ్ళు తిరుగుతున్నవ్, మెదక్ చూడలే?" అని గట్టిగా మందలించింది. ఆ మందలింపు న్యాయమే. వృద్ధాశ్రమంలో తను చూసుకునే ముసలమ్మలు కొందరికి ఆ నీలం పుస్తకంలోంచి పొద్దున్నే వాక్యం చదివి వినిపించడం కూడా తన పనేనట. "నాకు జర్మన్ సక్కగ పలకదు, ఆళ్ళే దిద్దుతరు" అంది. ఆవిడ బండి ముందొచ్చింది. ఎక్కుతూ ఫ్లాస్కు నా చేతిలో పెట్టి, మళ్ళీ ఇవ్వాలని చెప్పి పోయింది. ఇచ్చాను, కారప్పూస నింపి.

2025 ఏప్రిల్ 30 నుంచి మే 4 దాకా హనోవర్‌లో కిర్షెన్‌టాగ్ జరిగింది. రెండేళ్ళకోసారి ఒక్కో ఊళ్ళో జరిగే ప్రొటెస్టెంట్ల మహాసభ ఇది, 1949లో హనోవర్‌లోనే పుట్టింది. మన ఉజ్జీవ సభలు ఊహించుకుని పోతే తికమక పడతారు. ఒక హాలులో బైబిలు చదువుతుంటారు, పక్క హాలులో మంత్రులు వాతావరణం గురించి వాదించుకుంటుంటారు, బయట వేలమంది ఊదే ఇత్తడి వాద్యాలు. చవక టికెట్టువాళ్ళకు పడక స్కూలు గదుల్లో, నేలమీద స్లీపింగ్ బ్యాగుల్లో. నల్లబల్ల మీద ఎవరో పిల్లలు రాసిన భిన్నాల లెక్క ఉంది. రాత్రి గురక పెట్టిన పెద్దమనిషి పొద్దున్నే అందరికీ కాఫీ తెచ్చాడు. జనం వచ్చారు, యువకులూ వచ్చారు. నూటికి ఎనభై మంది చర్చిలో లేని రాష్ట్రం నుంచి పోయిన నాకు కడుపు నిండింది.

హనోవర్ నుంచి హాలేకు ప్యాసింజరు బళ్ళలో రావాలంటే బ్రౌన్‌ష్వైగ్, మాగ్డెబుర్గ్ మీదుగా రావాలి. మధ్యలో హెల్మ్‌స్టెట్ వస్తుంది. రెండు జర్మనీల కాలంలో దాని పక్కనున్న మారియెన్‌బోర్న్ పెద్ద సరిహద్దు తనిఖీ కేంద్రం. ఆ దారిన బెర్లిన్‌కు పోయే కార్లన్నీ అక్కడ ఆగేవి. ఇప్పుడది మ్యూజియం. బండిలోవాళ్ళు దాని కోసం దిగుతారు. నేను దిగింది ఫాదర్ హయ్యర్ కోసం.

గుంటూరు లూథరన్ పిల్లల్లో ఆ పేరు తెలియనివాడు ఉండడు. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్, 1793 జూలై 10న హెల్మ్‌స్టెట్‌లో పుట్టాడు. చిన్నవయసులోనే అమెరికాలో బంధువుల దగ్గరికి పంపేశారు. అక్కడ పాస్టరయ్యాడు. 1842 జూలై 31న గుంటూరు చేరాడు, కలెక్టరు హెన్రీ స్టోక్స్ చోటు చూపించాడు. మధ్యలో అమెరికా వెళ్ళి వైద్యం చదివి, డాక్టరై మళ్ళీ వచ్చాడు. పల్నాటిలో గురజాలలో ఉన్నాడు. అంతా అయ్యాక 1869లో, 76 ఏళ్ళ వయసులో, రాజమండ్రి మిషను నిలబెట్టడానికి ఇంకోసారి ఓడెక్కాడు. మా గుంటూరులో లూథరన్ గుళ్ళు, బళ్ళ మొదట్లో ఆయనే ఉన్నాడు.

హెల్మ్‌స్టెట్ అందమైన ఊరు, వంకరటింకర చెక్క ఇళ్ళు. ఒకప్పుడు పేరున్న యూనివర్సిటీ ఉండేది, 1810లో మూసేశారు. బేకరీలో రొట్టె కొంటూ కౌంటరు వెనకావిడను అడిగాను, హయ్యర్ తెలుసా అని. ఏ వీధిలో ఉంటాడని అడిగింది. కథంతా చెప్పాను. వెనక క్యూలో ఒకాయన కూడా విన్నాడు. ఆయన కాగితం తీసి "గుంటూరు" స్పెల్లింగ్ రాయించుకుని, "మా ఊరివాడి వల్ల అక్కడెంతమంది?" అని అడిగాడు. లక్షల్లో అని చెప్పాను. ఆయన నా రొట్టె డబ్బులు తనే ఇచ్చేశాడు. పెద్దదే తీసుకోవాల్సింది.

ఈ ఫోటోలన్నీ చూసి మా రూమ్మేటు అలిగాడు. వాడిది సూళ్ళూరుపేట, వాడూ లూథరనే, కానీ వాళ్ళ సంఘం వేరు. 1860ల్లో ఉత్తర జర్మనీలోని హెర్మన్స్‌బుర్గ్ అనే పల్లె నుంచి మిషనరీలు నెల్లూరు జిల్లాకు వచ్చి మొదలుపెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషు ప్రభుత్వం జర్మన్లను ఉండనివ్వకపోతే, అమెరికా వాళ్ళు ఆ పని అందుకున్నారు. "అందరి ఊళ్ళూ చూశావు, మా ఊరు ఎప్పుడు?" అని రోజూ అడుగుతున్నాడు. హెర్మన్స్‌బుర్గ్‌కు మా టికెట్టు చెల్లే రైలు నేరుగా లేదు. సెల్లెలో దిగి బస్సు పట్టుకోవాలి. వాడికి సెలవున్నది ఆదివారం ఒక్కటే, ఆ రోజు పల్లెటూరి బస్సులు అరుదు. టైంటేబుల్ ముందేసుకుని కూర్చున్నాం.